అతికిన పెట్టె

మా పాళెంలో కారు తోలే ఆడది నేనొక్కదాన్నే. అల్లూరులో డ్రైవింగ్ నేర్పే ఆయన మొదటి రోజు నన్ను చూసి, "ఎవరికమ్మా నేర్పాల్సింది?" అంటూ నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. లైసెన్సు వచ్చాక పొదుపు సంఘంలో తీసుకున్న అప్పూ, మా అమ్మ పెట్టిన గొలుసు అమ్మిన డబ్బూ కలిపి ఒక పాత కారు కొన్నాం. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగాయి. కానీ డిక్కీ పెద్దది. ఐసు పోసిన థర్మోకోల్ పెట్టెలు నాలుగు పడతాయి. నేను ఆ డిక్కీని చూసే కొన్నాను.

తెల్లారేసరికి ఉప్పుటేటి గట్టున పీతలో, పండుగప్పలో, బొంత చేపలో కొనుక్కుని, ఐసులో పేర్చుకుని నెల్లూరు పోయేదాన్ని. అక్కడ అపార్ట్‌మెంట్లలో నాకు వాడిక ఇళ్ళున్నాయి. దళారికి పోసేదానికంటే నాలుగు డబ్బులు ఎక్కువే మిగిలేవి. అందరికీ అదే చెప్పేదాన్ని. చెప్పని సంగతి ఒకటుంది. నాకు ఆ దారి కావాలి. అల్లూరు దాటాక రెండు పక్కలా మళ్ళు, కాలవ గట్టున కొంగలు, కారులో నేనొక్కదాన్నే. అత్త పిలవదు, పొయ్యి పిలవదు. ఆ కాసేపు నేను ఎవరికీ పెళ్ళాన్నీ కాదు, కోడల్నీ కాదు. బుద్ధెరిగాక నేను ఒంటరిగా కూర్చున్న చోటంటూ ఉంటే అది ఆ డ్రైవరు సీటే.

ఏప్రిల్ నడిమికి వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. పడవలు ఇసుక మీదికెక్కాయి, మగాళ్ళు అరుగుల మీదికెక్కారు.

మా ఆయన ఆదెయ్య పడవలో ఇంజను దగ్గర కూర్చునే మనిషి. మీసాలు మొలిచిన నాటి నుంచీ దాని పక్కనే కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే వినపడుతుంది. నెల్లూరు డాక్టరు మిషను ఇస్తే నాలుగు రోజులు పెట్టుకుని, "చెవిలో ఈగలు దూరినట్టుండాది" అని తీసి గూట్లో పడేశాడు. సముద్రం మీద చెవులతో పనిలేదు. తమ్ముడు చిన్నపోలయ్య వల దగ్గర నుంచి చెయ్యి ఊపితే చాలు. ఇంటి దగ్గరే కష్టం. ఎవరు పిలిచినా తెలీదు, ఫోను మోగినా తెలీదు. అరుగు మీద నలుగురు నవ్వితే, ఎందుకు నవ్వారో నేను చెప్పాలి.

ఆ నలుగురు ఆ ఏడు నవ్విందేమో మా మీదే. "ఏం ఆదెయ్యా, అందరి వేటా ఆపినారు గానీ మీ ఇంట్లో మాత్రం ఆగలేదంటనే! మీ ఆడమనిషి రోజూ పోతానే ఉండాది" అన్నారు. ఏమన్నారని ఆయన నన్ను అడిగాడు. "ఎండ ఎక్కువగా ఉందంటున్నారు" అని చెప్పాను.

ఆ నెలాఖరులో దొరవారిసత్రంలో మా చిన్నత్త కూతురి పెళ్ళి. ఊరేగింపులో ట్రాక్టరు మీద బీరువాలంత సౌండు పెట్టెలు పెట్టారు. నేను చెవుల్లో చీరకొంగు కుక్కుకున్నాను. చూస్తే మా ఆయన కనపడడు. వెతికితే ట్రాక్టరు పక్కనే నడుస్తున్నాడు, పెట్టెకి అరచెయ్యి ఆనించి, పసిబిడ్డ వీపు తడిమినట్టు.

నన్ను చూసి అరిచాడు. "మే! వినపడతా ఉండాది మే! ఈడ!" అని రొమ్ము మీద గుద్దుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. పెళ్ళివారు తాగి ఉన్నాడనుకుని నవ్వారు. ఆయన ఆ రోజు చుక్క ముట్టలేదు.

తిరిగి వస్తుంటే అడిగాడు. "మన కారులో అట్టాంటిది పెట్టిద్దాం."

"యాడ పెడతావు?" అని అరిచాను.

"డిక్కీలో."

"నా పెట్టెలు నెత్తిన పెట్టుకుని పోవాల్నా?"

"ఎత్తితే వచ్చేటట్టు చేపిస్తా మే. తెల్లార్తో నేనే ఎత్తి అరుగు మీద పెడతా, నువ్వు వచ్చినాక మళ్ళీ పెట్టుకుంటా. ఈ రెండు నెలలు నాకు మాత్రం పనేముంది?"

చెయ్యి ఇంకా రొమ్ము మీదే ఉంది. ఆ చెయ్యి చూసి సరేనని తల ఊపాను.

నెల్లూరు షాపులో స్పీకరు కొన్నాం, అన్నం తినే కంచమంత వెడల్పుది. దానికి బలమిచ్చే యాంప్లిఫయరు డబ్బా ఒకటి. షాపతను చేసి ఉన్న పెట్టె చూపించబోతే మా ఆయన చూడను కూడా లేదు. "మా హజరత్తన్న చేస్తాడు" అన్నాడు.

హజరత్తయ్య మా పాళెంలో ఫైబరు పడవలు బాగుచేసే మనిషి. పడవకి ఎక్కడ చిల్లు పడ్డా గాజు పీచు మ్యాటు పరిచి, రెసిన్ పూసి పూడ్చేస్తాడు. కారు మా వేపచెట్టు కిందే పెట్టుకుని పని మొదలెట్టాడు. స్పీకరు బిగించడానికి ముందు వైపు చెక్క కోసి, మిగతాదంతా డిక్కీ వంపుల్ని బట్టి ఫైబరుతో పోస్తానన్నాడు. చుట్టూ జనం.

"ఆదెయ్యా, పుట్టినప్పటి నుంచి బొక్కలు పూడ్చి బతికినోణ్ణి. ఇప్పుడు ఇంత బొక్క పెట్టమంటుండావే, నా చెయ్యి రావద్దా?" అన్నాడు స్పీకరు కొలత గీస్తూ.

మా అత్త పోలేరమ్మ అరుగు మీద నుంచే, "పెట్టయ్యా, బాగా పెద్దది పెట్టు. మా కోడలు తెచ్చిందంతా దాంట్లోనే పోవాల" అంది.

మ్యాటు పరిచే రోజు నేను దగ్గరికి పోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపలికి పో. గాజు పీచు ఒంట్లో దిగితే వారం దురద." నా మీద అంత శ్రద్ధ చూపిస్తే సంతోషపడి లోపలికి పోయాను. రెసిన్ వాసన వంటింటి దాకా కొట్టింది. ఎండకి పొద్దు వాలేలోగానే గట్టిపడిపోయింది.

మర్నాడు సాయంత్రం బిగించి పాట పెట్టారు. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. చిన్నపోలయ్య ఇంటి రేకులు అదిరాయి. కోళ్ళు ఒక్క పరుగున చెట్టెక్కాయి. మా ఆయన ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన మొహం అంత నిమ్మళంగా నేను చూడలేదు. నేనూ పోయి కాసేపు పక్కన కూర్చున్నాను. సీటులోంచి వెన్నులోకి ఎక్కుతోంది ఆ దెబ్బ. మంచి పనే చేశామనుకున్నాను.

తెల్లవారి ఐసు పెట్టెలు సిద్ధం చేసుకుని, డిక్కీ చూపించి, "ఎత్తు బావా" అన్నాను.

వంగి పట్టుకుని లాగాడు. రాలేదు. చిన్నపోలయ్యని పిలిచాడు. ఇద్దరూ లాగారు. పక్కింటి వాళ్ళు వచ్చారు. నలుగురు కలిసి 'హైలెస్సా' అంటే కారు వెనక చక్రాలు తేలాయి గానీ పెట్టె కదల్లేదు.

"పెట్టెనెత్తమంటే కారు లేస్తా ఉండాదే!" అన్నాడు చిన్నపోలయ్య. అందరూ విరగబడి నవ్వారు. డిక్కీ రేకుకీ పెట్టెకీ మధ్య గోరు దూరే సందు లేదు. ఫైబరు రేకుని పట్టేసింది.

"పడవలోళ్ళకి కారు పని చెప్తే అంతే మరి. ఆయన అతికిస్తే సముద్రమే ఊడగొట్టలేదు, నీ వల్ల అవుద్దా!" అంది పక్కింటి పెంచలమ్మ.

మా ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను? ఆ రోజు పీతలు దళారికి పోశాను.

రెండోనాడు ఐసు పెట్టెలు వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాను. కాలవ వంతెన దగ్గర గేదెలు అడ్డం వస్తే బ్రేకు కొట్టాను. మూత జారి ఐసు నీళ్ళన్నీ ముందు సీటు కిందికి పోయాయి. యాంప్లిఫయరు డబ్బా పెట్టింది అక్కడే. కాలిన వైరు వాసన వచ్చింది. కారాపి, చీరకొంగుతో తుడిచి, భయపడుతూ వెనక్కి వచ్చాను. మా అత్త తలుపు తీసి ముక్కు మూసుకుంది. "ఈ నీచు సీట్లో కూర్చుని రేపు నేను గుడికి యాడ పోయేది?" అంది. మా ఆయనేమో డబ్బా విప్పి, తుడిచి, ఎండబెట్టి, సాయంత్రానికి మళ్ళీ పాట పెట్టాడు.

అంతటితో నా నెల్లూరు ఆగింది.

ఏమీ జరగలేదు అని చెప్పడం ఎంత కష్టమో ఆ రోజుల్లో తెలిసింది. ఎవరూ నన్ను కొట్టలేదు, పోవద్దనలేదు. తెల్లారితే కళ్ళాపి చల్లేదాన్ని, అత్తకి గంజి కాచేదాన్ని, ఆయనకి ఎవరెవరు ఏమన్నారో చెవిలో అరిచి చెప్పేదాన్ని. నెల్లూరు నుంచి విజయకుమారి గారు ఫోను చేసేది. "ఏం సుభాషిణీ, మమ్మల్ని మర్చిపోయావా? మా వారు పీతలు పీతలు అని ప్రాణం తీస్తున్నారు." వచ్చే వారం తెస్తానమ్మా అనేదాన్ని. రెండోసారి కూడా అదే అన్నాను. ఆ తర్వాత ఆమె ఇంకెవరి దగ్గరో కొనుక్కోవడం మొదలుపెట్టింది. కారు వేపచెట్టు కింద ఉండేది. సాయంత్రమైతే అది దడదడలాడేది. తాళం నా పైట చెంగుకి కట్టుకుని, ఆ దడదడకి అనుగుణంగా చేపలు తోముకునేదాన్ని.

తట్టుకోలేక ఒకరోజు ఇసుకలోకి పోయాను. హజరత్తయ్య బోర్లా వేసిన పడవ కింద కూర్చుని పాత రంగు గోకుతున్నాడు.

"అన్నా, ఆ పెట్టె కోసి తీసెయ్ నాకు."

"మిషనుతో కొయ్యొచ్చు. కారు రేకు కూడా ముక్కలై వస్తాది" అన్నాడు తలెత్తకుండా.

"నీ పొరపాటుకి నా కారు ముక్కలు చేసుకోవాల్నా?"

ఆ మాట ఆయనకి తగిలింది. గోకుడు ఆపాడు. "సుభాషిణమ్మా, ఊరంతా నవ్వుతుంటే పడినా. నువ్వు కూడా అంటే ఎట్ట? అచ్చులో పడవ పోసేటప్పుడు కింద మైనం రుద్దకపోతే పడవ అచ్చుకే అతుక్కుంటాదని చిన్నపిల్లోడికి కూడా తెలుసు. ఊడి రావాలంటే కింద ఏదో ఒకటి పరవాల. నేను ప్లాస్టిక్కు కవరు కోసి చేత్తో పట్టుకుని ఉండా. ఆదెయ్యకి వినపడదు గదా, కవరు చూపించి, డిక్కీ చూపించి, పరవనా అని అడిగినా."

"ఆయన?"

"వద్దని తల అడ్డంగా ఊపినాడు. రెండుసార్లు అడిగినా." మళ్ళీ గోకడం మొదలుపెట్టాడు. "మీ ఇద్దరూ అనుకున్నారేమోలే అనుకున్నా."

తిరిగొచ్చే దారిలో ఇసుక కాళ్ళు కాల్చింది. ఇంటికొచ్చి కూర చేశాను. అందులో ఉప్పు సరిపోయిందో లేదో అత్తనడిగి మరీ చూశాను.

మా ఇంట్లో గుట్టుగా పోట్లాడుకోవడం కుదరదు. ఆయనకి వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే పాళెమంతా వింటుంది. మెల్లగా అడిగితే ఆయనకి అందదు, గట్టిగా అడిగితే నా మొగుడు నన్ను ఎట్టా కట్టేశాడో అరుగులన్నీ చెప్పుకుంటాయి. ఎన్ని రోజులు ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగానో.

ఒక మధ్యాహ్నం ఎండకి వీధి ఖాళీగా ఉంది. పెంచలమ్మ ఒక్కతే బోరింగు దగ్గర నీళ్ళు కొట్టుకుంటోంది. ఆయన కారులో కూర్చుని ఉన్నాడు. నేను పోయి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపేశాను. అద్దాలెత్తాను. పాట పెట్టి, మీట తిరిగినంత మేరా తిప్పాను. కారంతా అదిరింది. వంగి ఆయన చెవిలో నోరు పెట్టాను.

"కవరెందుకు వద్దన్నావు?"

విననట్టు నటిస్తాడనుకున్నాను. నటించలేదు. సౌండు తగ్గించబోతే చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పు!"

"నువ్వు పోతే ఇల్లు చచ్చిపోయినట్టుంటాది" అన్నాడు. చెవులు పోయినవాళ్ళకి తమ గొంతు ఎంతుందో తెలీదు, ఆయనా అరుస్తూనే ఉన్నాడు. "మా అమ్మ నోట్లో పళ్ళు లేవు, పెదాలు చూసినా ఏమంటుందో తెలీదు. అరుగు మీదోళ్ళు నవ్వుతారు, దేనికో తెలీదు. నువ్వొచ్చేదాకా రోడ్డు చూస్తా కూర్చుంటా. ఒకరోజు రావేమో అనిపిస్తాది."

"రాక యాడికి పోతాను?"

"నాకేం తెలుసు. కారు నీ చేతిలో ఉండాది గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మామూలు అనుమానమైతే అంత మండేది కాదు. నెల్లూరు దగ్గర హైవే కలిసే చోట చెన్నైకి దారి చూపే బోర్డు ఒకటుంది. దాని కింద కారాపి, ఎన్నోసార్లు ఆ దారి వైపు చూశాను. ఊరికే చూశాను. ఆ చూపు ఈయనకి వేపచెట్టు కింద కూర్చుని ఎట్టా తెలిసిందో.

"అంత భయమైతే నువ్వు కూడా వచ్చి పక్కన కూర్చో! కాపలా కాసుకో! నేను మాత్రం పోవాల, విన్నావా, పోవాల!"

విన్నాడు. మీట వెనక్కి తిప్పాడు. కారు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. దిగి ఇంట్లోకి పోతుంటే పెంచలమ్మ బిందె ఎత్తుకుంటూ, "ఏం పాటమే అది? మొగుడూ పెళ్ళాం తలుపులేసుకుని మరీ విన్నారు!" అంది కన్ను కొడుతూ.

తెల్లవారి లేచేసరికి కారు వెనక సీటు ఊడదీసి అరుగు మీద ఉంది. మా అత్త అప్పటికే దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆయన కారులో దూరి యాంప్లిఫయరు డబ్బా పైకెత్తి బిగిస్తున్నాడు. హజరత్తయ్య దగ్గర నుంచి మ్యాటూ రెసినూ తెచ్చి, వెనక నేలంతా తనే ఫైబరు పరిచాడు. నీళ్ళు పోయేందుకు గొట్టం కూడా పెట్టాడు. ఎండాక చూస్తే అచ్చం పడవలో చేపలు పోసే గది. నాలుగు పెట్టెలు కాదు, ఆరు పడతాయి.

"చూడు మే" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఉంది మొహం. బాగుందని తల ఊపాను. నిజంగానే బాగుంది.

ఇక కారులో మిగిలినవి రెండు సీట్లు.

నా నెల్లూరు నాకు తిరిగి వచ్చింది. ఆయన పెట్టెలు మోసి పై అంతస్తుల దాకా తెచ్చేవాడు. పీతల కాళ్ళు విరగకుండా తాడు కట్టి ఇచ్చేవాడు. విజయకుమారి గారు మళ్ళీ నా దగ్గరే కొనడం మొదలుపెట్టింది. "మీ ఆయన ఎంత మంచివాడు సుభాషిణీ! మా వారు సంచి కూడా పట్టుకోరు" అంది. నేను నవ్వి, ఆమె ఏమందో ఆయనకి చెవిలో అరిచి చెప్పాను. మెట్ల మీద పోతున్నవాళ్ళు తిరిగి చూశారు. దారిలో వెనక నుంచి దడదడ. మళ్ళు ఉండేవి, కొంగలు ఉండేవి. ఆయన ప్రతి కొంగనీ నాకు చూపించేవాడు. హైవే దగ్గర బోర్డు వచ్చినప్పుడు నేను తల తిప్పేదాన్ని కాదు.

పోనీలే అనుకున్నాను. నిషేధం ఎత్తేస్తే పడవెక్కుతాడు. ఇంజను దగ్గర ఆయన లేకపోతే చిన్నపోలయ్యకి జరగదు. జూన్ నడిమి దాకా ఓర్చుకుంటే చాలు.

నిషేధం ఎత్తేసిన రోజు పాళెమంతా ఇసుకలోనే ఉంది. పడవల ముక్కులకి పసుపు పూసి కుంకుమ పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. నేను తెల్లారకముందే లేచి ఆయనకి చేపల పులుసు, అన్నం క్యారేజీలో సర్ది, నా పెట్టెలు కూడా సర్దుకున్నాను. ఏం దాచను, ఆ పులుసు చేస్తూ లోపల్లోపల పాట పాడుకున్నాను.

క్యారేజీ తీసుకుని ఇసుకలోకి పోతే మా పడవ అప్పటికే నీళ్ళలో ఉంది. చిన్నపోలయ్య నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఇంజను దగ్గర అతని బావమరిది కూర్చుని ఉన్నాడు. అల ఎక్కి దిగి, పడవ పోయింది.

వెనక్కి వచ్చాను. ఆయన కారులో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు.

"పడవ?" అని అరిచాను.

"తమ్ముడికి చెప్పేసినా. ఇంక ఇంజను దగ్గర కూర్చుంటే ఉన్న చెవులు కూడా పోతాయి. నా భాగం వాణ్ణే చూసుకోమన్నా." నా మొహం చూసి, ఆ చూపు ఏమిటో తెలీక, కొంచెం సిగ్గుపడ్డాడు. "నువ్వు రమ్మన్నావు గదా మే."

పెంచలమ్మ ఇసుకలోంచి నా వెనకే వచ్చింది. "అదృష్టమంటే నీదేమే. మా వాణ్ణి రమ్మంటే సంతకి కూడా రాడు."

ఆయన అబద్ధం చెప్పలేదు. నేను రమ్మన్నాను. క్యారేజీ చేతికిస్తే ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక ఐసు పెట్టెలు సీట్ల దాకా ఒరిగి ఉన్నాయి. కూర్చుని తాళం తిప్పాను.

అల్లూరు రోడ్డెక్కి గేరు మార్చబోతే నా చెయ్యి ఆయన మోకాలికి తగిలింది.

"జరుగు బావా" అన్నాను.

జరిగాడు పాపం, తలుపుకి ఒత్తుకుని మరీ. అయినా రెండో గేరుకి మళ్ళీ తగిలింది.